శిలాజం మీద ఉలి పెట్టే ముందు

ముందుగా, శిలాజాల కోసం విశాఖ కొండల్లో వెతకకండి. ఇక్కడి ఖోండలైట్, చార్నోకైట్ రాళ్లు విపరీతమైన వేడికీ ఒత్తిడికీ మారిపోయినవి, వాటిలో శిలాజ గుల్లలు దొరకవు. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల్లో తవ్వొద్దు, అది రక్షిత స్థలం. మనకు దగ్గర చోటు రాజమండ్రి పక్కన కాటేరు, పంగిడి వైపు. క్వారీ అయితే యజమాని అనుమతి, తలకు హెల్మెట్ తప్పనిసరి.

ఇంటికొచ్చాక:

• దొరికిన చోటు, పొర, తేదీ రాసిన చీటీ రాయితోనే ఉందా? చీటీ లేనిది షోకేసుకే పనికొస్తుంది.

• కళ్లద్దాలు, ఎన్95 మాస్క్. రాతి ధూళిలోని సిలికా ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. బాల్కనీలో, రాయి తడిపి చెక్కండి. తడిస్తే విడిపోయే మట్టిరాయి అయితే మాత్రం మాస్కే దిక్కు.

• వెనిగర్ దూరంగా పెట్టండి. వీడియోలు చూసి చాలామంది పోసేస్తారు. గుల్ల, సున్నపురాయి రెండూ కాల్షియం కార్బొనేటే. రాయితో పాటు గుల్లా కరిగిపోతుంది.

• పగుళ్లకు పారలాయిడ్ బి-72 అనే అంటు రెసిన్‌ను అసిటోన్‌లో కలిపేటప్పుడు కిటికీలు తెరవండి, స్టవ్ ఆపండి.

• పైరైట్‌గా (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) మారిన అమ్మోనైట్ (అంతరించిన సముద్రజీవి చుట్టగుల్ల) కొన్నారా? మన సముద్రపు తేమకు అది పొడైపోవచ్చు. బిగుతు మూత డబ్బా, తేమ పీల్చే సిలికా జెల్ ప్యాకెట్లు ముందే తెచ్చుకోండి.