దుకాణానికి సొంత సాఫ్ట్‌వేర్ చేయించాలా? ముందు ఈ లెక్క వేసుకోండి

వరంగల్ ఎనుమాముల మార్కెట్ల మీకు మిర్చి అడ్తి (కమీషన్ దుకాణం) ఉందనుకుందాం. కొటేషన్ అడిగే ముందు ఒక రోజంతా గుమాస్తా పక్కన కూసొని చూడండి, కాంటా అయినంక బస్తాల తూకం చిట్టీ మీద రాస్తడు, అదే మళ్ల తక్‌పట్టీల (రైతుకిచ్చే తూకం, ధర లెక్క కాయితం) రాస్తడు, రాత్రి మళ్ల కంప్యూటర్ల కొడతడు. ఒక్క లెక్క మూడు సార్లు! డబ్బులు పొయ్యేది అక్కడనే.

ఇగ లెక్క. సాఫ్ట్‌వేర్ 3 లక్షలు అన్నరనుకోండి, 18 శాతం జీఎస్టీతోని 3.54 లక్షలు. దాంతోని నెలకు 12 వేల ఖర్చు తగ్గితే ఏడాదికి 1.44 లక్షలు, కానీ సర్వర్, రిపేర్లు, మార్పులకు ఏడాదికి 50 వేలు తీసేస్తే మిగిలేది 94 వేలే, అంటే పెట్టిన పైస తిరిగి రావాలంటే మూడున్నర ఏండ్లు దాటుతది. చానా మంది ఈ 50 వేలు మర్చిపోతరు, నా లెక్కల అసలు దెబ్బ ఇదే. జీఎస్టీ క్రెడిట్ (కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన జీఎస్టీల తగ్గించుకునుడు) వస్తదా అని ఆడిటర్‌ని అడగండి.

మామూలు బిల్లింగ్, ఖాతాలకైతే ట్యాలీ లాంటి రెడీమేడ్ చాలు. మీకు మాత్రమే ఉన్న పనికే సొంతది చేయించండి, అది కూడా మొదట తక్‌పట్టీ ఒక్కటే చేయించి సీజన్ కాని రోజులల్ల నడిపి చూడండి, ఫిబ్రవరి, మార్చిల బస్తాలు మీద పడ్డప్పుడు కొత్తది మొదలుపెట్టొద్దు.

సోర్స్ కోడ్ (సాఫ్ట్‌వేర్ రాసిన అసలు ప్రోగ్రామ్), డేటా మీ చేతికి ఇస్తమని అగ్రిమెంట్ల రాయించుకోండి, పైసలు పని అయినకొద్ది విడతలుగా ఇయ్యండి.