జెరీమాండర్ అనే వెర్బ్ ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

పర్లాకిమిడి, బరంపురం వైపు మన పిల్లలు ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, పోటీ పరీక్షల్లో ఇంగ్లీషు అంటూ మూడింటితో కుస్తీ పడతారు కదా, ఇది వాళ్ల కోసం. ఎలక్షన్‌లో తమ పార్టీకే లాభం వచ్చేలా నియోజకవర్గాల హద్దులు గీసుకోవడాన్ని జెరీమాండర్ చెయ్యడం అంటారు. దొంగ ఓట్లు ఉండవు, రిగ్గింగ్ ఉండదు, హద్దు గీత పక్కకి జరుగుతుంది అంతే.

అదెలాగంటే, ఊళ్లో ఒక పెద్ద వీధి మొత్తం మనకి ఓటెయ్యదు అనుకోండి, ఆ వీధిని మూడు ముక్కలు చేసి మూడు వార్డుల్లో కలిపేస్తే వాళ్లకి ఎక్కడా మెజారిటీ రాదు, దీన్ని క్రాకింగ్ అంటారు. లేదంటే అలాంటి వీధులన్నీ తెచ్చి ఒకే వార్డులో కుక్కేస్తే ఆ ఒక్కచోట బ్రహ్మాండంగా గెలుస్తారు, మిగతావన్నీ మనవే, ఇది ప్యాకింగ్. రెండోదే ఎక్కువ కంతిరీ పని అని నా ఫీలింగ్, ఎందుకంటే ఓడినోడికి కూడా ఒక గెలుపు ఇచ్చి ఊరుకోబెట్టేస్తారు.

మాట పుట్టింది అమెరికాలో, 1812లో. మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ తన పార్టీకి పనికొచ్చేలా రాష్ట్ర సెనేట్ డిస్ట్రిక్ట్‌లు (అక్కడ నియోజకవర్గాన్ని అలాగే అంటారు) మార్చిన బిల్లు మీద సంతకం పెట్టాడు, అందులో ఒకటి మ్యాప్‌లో వంకర్లు తిరిగి సాలమాండర్‌లా కనిపించింది (చూడ్డానికి బల్లే గానీ కప్పలకి చుట్టం). బోస్టన్ గెజెట్ పేపర్ దానికి రెక్కలు, గోళ్లు తగిలించి కార్టూన్ వేసి, గెర్రీ పేరూ సాలమాండర్ తోకా కలిపి పేరు పెట్టేసింది. ఆ ఏడాదే గెర్రీ గవర్నర్ ఎలక్షన్ ఓడిపోయాడు, తర్వాత వైస్ ప్రెసిడెంట్ అయ్యాడు అనుకోండి.

వాడేటప్పుడు దేన్ని జెరీమాండర్ చేశారో చెప్పాలి, "దే జెరీమాండర్డ్ ద డిస్ట్రిక్ట్" అన్నట్టు. జనాభా లెక్కల్ని బట్టి మామూలుగా హద్దులు మారిస్తే అది డీలిమిటేషన్, అందులో కుట్ర ఉందని మీరు వాదిస్తున్నప్పుడే ఈ వెర్బ్ వాడండి. మన దగ్గర చాలామంది 1936లో ఒడిశా ప్రావిన్స్ ఏర్పడి పర్లాకిమిడి అటు, పాతపట్నం ఇటు అయినదానికి కూడా ఈ మాట తగిలిద్దామని చూస్తారు, కుదరదు, అది రాష్ట్రాల సరిహద్దు, ఓట్ల కోసం గీసిన నియోజకవర్గం కాదు కదా. స్పెల్లింగ్‌లో ఆర్ మొదట రెండుసార్లు, చివర ఒక్కటి. ఇంకో తమాషా, ఆయన పేరు గెర్రీయే గానీ మాటని మాత్రం ఇప్పుడు ఎక్కువమంది జెరీ అనే పలుకుతారు, మీరూ అలాగే అనండి.