లోపల దెప్పే గొంతు: ఎక్కడ పట్టేస్తుంది, ఎలా వదులుతుంది

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఇంటర్ పిల్లలకు ఇంట్లోనే లెక్కలు చెబుతుంటాను. బోర్డు మీద ప్లస్ బదులు మైనస్ పడితే చాలు, పిల్లలు గమనించకముందే నా లోపల ఒక గొంతు అందుకునేది: "ఏందమ్మే, ఆ మాత్రం తెలీదా నీకు?" దాన్ని తరిమేయాలని ఏళ్ల తరబడి చూశాను, పోలేదు. ముందు ఒంటిని కుదుటపరచుకుని, ఆ తర్వాత దానితో మాట్లాడటం నేర్చుకున్నాకే నెమ్మదించింది. నాలోనూ, నా దగ్గరికొచ్చే పిల్లల్లోనూ, మా ఇళ్లలోనూ చూసిన తిప్పలివి. మీది ఏదో చూసుకుని అక్కడి నుంచి చదవండి.

సమస్య: చిన్న తప్పుకే ఒళ్లంతా బిగుసుకుపోతుంది

దవడ బిగుస్తుంది. గొంతుకు ఏదో అడ్డం పడినట్టుంటుంది. తిట్టు మాటలు ఆ తర్వాత వస్తాయి.

కారణం: ఎవరైనా చెయ్యెత్తి మీదికొస్తే ఒళ్లు ఎలా కాచుకుంటుందో, మనల్ని మనం తిట్టుకున్నప్పుడూ అలాగే కాచుకుంటుంది. కరుణ ఆధారంగా ఒక చికిత్సా పద్ధతిని రూపొందించిన బ్రిటన్ మనస్తత్వవేత్త పాల్ గిల్బర్ట్ చెప్పేది ఇదే. ప్రమాదాన్ని పసిగట్టే ఏర్పాటు మనలో ఒకటుంది, ఊరటనిచ్చే ఏర్పాటు ఇంకొకటుంది. తిట్టు మొదటిదాన్ని లేపి కూర్చోబెడుతుంది. అది లేచి ఉన్నంతసేపు "ఏం ఫర్లేదులే" అని ఎన్నిసార్లు చెప్పుకున్నా తలకెక్కదు.

పరిష్కారం: మాటలు పక్కన పెట్టండి. మణికట్టు మీద వేళ్లు పెట్టి నాడి చూసుకోండి. గాలి పీల్చేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. వేగస్ అనే నరం పని ఇది. అందుకే వదిలే ఊపిరిని పొడిగించాలి. నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చి, ఆరో ఏడో లెక్కపెట్టేదాకా వదలండి, వేడి అన్నం ముద్దను ఊదినట్టు. అయిదు నిమిషాలు చాలు. దవడ అప్పటికీ వదలకపోతే పిడికిళ్లు గట్టిగా బిగించి, అయిదు లెక్కపెట్టి, ఒక్కసారిగా వదిలేయండి. తర్వాత భుజాలు, తర్వాత కాలివేళ్లు. బిగించి వదిలే ఈ పద్ధతిని అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జాకబ్‌సన్ దాదాపు వందేళ్ల కిందటే రూపొందించారు.

ఆ తర్వాత చెయ్యి. పొలమారితే పక్కనున్నవాళ్లు నెత్తి మీద తట్టి, ఎవరో తలుచుకుంటున్నారంటారు. ఒంటరిగా ఉంటే మన నెత్తి మనమే తట్టుకుంటాం, దానికి ఎవరం సిగ్గుపడం. మనసుకు పొలమారినప్పుడూ అలాగే తట్టుకోండి. గుండె మీదో, చెంప మీదో, నెత్తి మీదో, చెయ్యి ఎక్కడ పెడితే మీకు హాయిగా ఉంటుందో అక్కడ పెట్టి, దాని వెచ్చదనం తెలిసేదాకా ఉంచండి. నాకైతే నెత్తి మీదే.

సమస్య: ఆ గొంతును కసిరేకొద్దీ పెద్దదవుతుంది

కారణం తెలియాలంటే అది ఎవరి గొంతో చెవిపెట్టి వినాలి. ఏ యాసలో మాట్లాడుతోంది? నువ్వంటోందా, ఒసే అంటోందా? నా లోపలిది మా మేనత్త గొంతు. ఆమెను అయిదో తరగతితో బడి మాన్పించారు. నలుగురిలో నోరు తెరిస్తే నవ్వుతారేమోనని ఆమెకు బతుకంతా భయం. ఆ భయంతోనే నన్ను ప్రతి మాటకూ సరిచేసేది, నేను నవ్వులపాలు కాకూడదని. ఆమె పోయి చాలా కాలమైంది, భయం మాత్రం నా దగ్గర ఉండిపోయింది. కాపలా కాయడానికి వచ్చిన గొంతును గసిరితే, అది తన మాట వినపడలేదనుకుని ఇంకా గట్టిగా అరుస్తుంది.

పరిష్కారం: వరస కలిపి పిలవండి. "అత్తా, విన్నాలే. పిల్లలు నవ్వుతారని కదా నీ బెంగ? ఆ గుర్తు నేను దిద్దుకుంటా. నువ్వు కాసేపు కూచో." పెద్దవాళ్లతో మాట్లాడే మర్యాద తప్పకూడదు, అలాగని వాళ్లు చెప్పినట్టల్లా ఆడనక్కర్లేదు. నాన్న గొంతయితే నాన్నా అనండి, సారు గొంతయితే సారూ అనండి. ఎవరి గొంతో తేలకపోతే మిమ్మల్ని మీరే పేరు పెట్టి పిలుచుకోండి. నలుగురి ముందు ప్రసంగించాల్సి వచ్చినప్పుడు లోలోపల "నేను" అనుకునేవాళ్ల కంటే తమను పేరుతో పిలుచుకున్నవాళ్లు తక్కువ కంగారు పడ్డారని మిషిగన్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు ఈతన్ క్రాస్ బృందం 2014లో ప్రచురించింది.

ఒక్క హెచ్చరిక. ఆ గొంతు మిమ్మల్ని కొట్టినవాళ్లదీ, హింసించినవాళ్లదీ అయితే దానికి వరస కట్టొద్దు, కూర్చోబెట్టొద్దు. అలాంటిదాన్ని కౌన్సెలర్ తోడుగానే చూసుకోవాలి.

సమస్య: నాతో నేను మెత్తగా మాట్లాడుకుంటే ఏడుపొస్తోంది, ఇంకా నొప్పిగా ఉంది

కారణం: మూసిన గదిలో నిప్పు రగులుతున్నప్పుడు తలుపు తెరిస్తే మంట ఒక్కసారిగా బయటికి తన్నుకొస్తుంది. స్వీయ కరుణను, అంటే తనపట్ల తాను దయగా ఉండటాన్ని, నేర్పే అమెరికా మనస్తత్వవేత్తలు క్రిస్టిన్ నెఫ్, క్రిస్టఫర్ గెర్మర్ ఈ బాధకు అగ్నిమాపక సిబ్బంది ఆ మంటకు వాడే 'బ్యాక్‌డ్రాఫ్ట్' అన్న మాటనే పెట్టారు. ఎన్నడూ దక్కని లాలన ఇప్పుడు దక్కితే, దక్కని రోజులన్నీ గుర్తుకొస్తాయి. అభ్యాసం తప్పుదారి పట్టిందని భయపడకండి.

పరిష్కారం: తలుపు కొద్దిగానే తెరవండి. గుండె మీది చెయ్యి తీసేసి, పాదాలు నేల మీద ఆనించండి. మా ఇంట్లో గచ్చు నేల, మే నెలలో కూడా తెల్లవారుజామున చల్లగానే ఉంటుంది. మడమ, బొటనవేలు, గచ్చు చల్లదనం, అంతవరకే గమనించండి. ఆ పూటకు అది చాలు.

కళ్లు మూసుకుని ఊపిరి గమనిస్తే గుండెదడ పెరిగేవాళ్లకూ, ఉబ్బసం ఉన్నవాళ్లకూ ఇదే దారి: కళ్లు తెరిచి, పాదాలతో.

సమస్య: రాత్రి మూడింటికి మెలకువొచ్చి, "అంతా నా చేతకానితనమే"

మా చిన్నమామయ్యకు ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్నాయి. ఒకసారి తెల్లమచ్చ వైరస్ వచ్చి పంటంతా పోయింది. నెల రోజులు రాత్రిళ్లు నిద్రలేక గట్టు మీద తిరిగాడు, తనను తాను తిట్టుకుంటూ. ఆ వైరస్ నీళ్లతో వస్తుంది, పీతలతో వస్తుంది, తెచ్చి వేసిన రొయ్య పిల్లతోనూ వస్తుంది. పక్క గుంటలవాళ్లదీ పోయింది. అయినా ఆయన లెక్కలో తప్పు చేసింది తానొక్కడే.

కారణం ఆ ఒక్కడే అన్న మాటలో ఉంది. 2003లో స్వీయ కరుణకు కొలమానం తయారుచేసిన నెఫ్ దాన్ని మూడు పాళ్లుగా చెప్పారు: తనపట్ల దయ, బాధను ఉన్నదున్నట్టు గమనించడం, ఈ బాధ అందరికీ ఉన్నదేనన్న ఎరుక. మూడోదే మనవాళ్లకు అన్నిటికంటే కష్టం, పరువు అడ్డొస్తుంది.

దాని మందు మన ఊళ్లోనే ఉంది. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి జనం "చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, ఆరోగ్యం రొట్టె" అంటూ చేతులు చాస్తారు. తమకు లేనిదేదో బయటికి అడుగుతారు, అది నెరవేరినవాళ్లు తెచ్చి ఇస్తారు. మెలకువొచ్చిన రాత్రి లేచి కూర్చుని, ఆ నీళ్లలో మీరూ నిలబడినట్టు తలుచుకోండి. మీరు ఏ రొట్టె అడుగుతారు? అదే రొట్టె కోసం మీ పక్కన ఎంతమంది ఉన్నారు? మామయ్య ఆ మాట పక్క గుంట రైతును అడిగాడు. ఇద్దరూ తెల్లారేదాకా గట్టు మీద కూర్చున్నారు.

సమస్య: మెత్తబడితే సోమరినైపోతానని భయం

ఇది మా ట్యూషన్ పిల్లల అమ్మానాన్నల ప్రశ్న. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ 2012లో ప్రచురించిన ప్రయోగాలు చూడండి. కష్టమైన పరీక్షలో తడబడినవాళ్లలో, తమ పట్ల దయతో ఉండమని గుర్తుచేసినవాళ్లే తర్వాతి పరీక్షకు ఎక్కువసేపు చదివారు. తప్పును చూడటానికి భయం లేనివాళ్లే దాన్ని దిద్దుకుంటారు, నా బోర్డు దగ్గర నేను రోజూ చూసేదీ అదే.

సమస్య: ఆ గొంతు "నువ్వు బతకడం దండగ" అంటోంది

ఇది ఇంట్లో చూసుకునేది కాదు, ఊపిరితో ఆగేదీ కాదు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. మీ ఇంట్లో పిల్ల ఆ మాట అంటే వాదించకండి, ఒంటరిగా వదలకండి. నంబరు మీరే నొక్కి, ఫోను తన చేతికిచ్చి, పక్కన కూర్చోండి.