షాపులో గిటార్ నచ్చలేదా? లోపం గిటార్‌దా, సెటప్‌దా తేల్చుకోండి

కొత్త అకూస్టిక్ గిటార్ కొందామని వెళ్లి, నాలుగైదు మోడళ్లు వాయించి, ఏదీ తేల్చుకోలేక తిరిగి వచ్చేసినవాళ్లను చాలామందిని చూశాను. గోడకు వేలాడే గిటార్లలో ఒకదాని తీగలు ఏడాది నాటివి కావచ్చు, పక్కదానివి నిన్న మార్చినవి కావచ్చు. ఒకదానికి తీగలు ఎత్తుగా ఉంటాయి, ఇంకోదానికి ఫ్రెట్లకు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలకు, వీటిని తల వైపు నుంచి లెక్కపెడతారు) దగ్గరగా ఉంటాయి. ఇవి మోడల్‌కు సంబంధించిన తేడాలు కావు. ఆ ఒక్క గిటార్ ఆ రోజు ఎలా ఉందన్నదే అక్కడ తెలుస్తుంది. అందుకే షాపులో ఏ ఇబ్బంది కనిపించినా ముందు ఒకటే చూస్తాను: ఇది అక్కడికక్కడ సరిచేయగలిగేదా, లేక చెక్కలోనే ఉన్న లోపమా? మొదటిదైతే చేయించి మళ్లీ వాయించాలి. రెండోదైతే ధర ఎంత తగ్గిస్తామన్నా వదిలేయాలి.

వెళ్లేటప్పుడు ఒక క్లిప్ ట్యూనర్ (గిటార్ తలకు తగిలించి శృతి చూసుకునేది), ఒక కాపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టే క్లిప్పు), ఒక చిన్న స్టీల్ స్కేలు తీసుకెళ్లండి. స్కేలు మీద సున్నా గీత సరిగ్గా అంచు నుంచే మొదలవ్వాలి. కొన్ని స్కేళ్లకు ముందు కొంచెం ఖాళీ ఉంటుంది, వాటితో కొలిస్తే లెక్క తప్పుతుంది.

వేళ్లు మండిపోతున్నాయి, ఎఫ్ కార్డ్ పడటమే లేదు

ఎఫ్ కార్డ్ అంటే ఒకే వేలితో ఒకటి కంటే ఎక్కువ తీగలు నొక్కి వాయించాల్సిన స్వరాల కలయిక, కొత్తవాళ్లకు కష్టమైనది. నా మొదటి గిటార్ కథ ఇదే. 12వ ఫ్రెట్ దగ్గర తీగ 4 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండేది. షాపులో అడిగితే "కొత్తలో అందరికీ నొప్పే, అలవాటైపోతుంది" అన్నారు. నమ్మాను. ఎనిమిది నెలలు కష్టపడి, నా వేళ్లకు ఇది రాదనుకుని గిటార్‌ను అటక మీద పెట్టేశాను. తర్వాత ఒక రిపేరు చేసే ఆయన శాడిల్ (బాడీ మీద బ్రిడ్జ్ అనే చెక్క దిమ్మెలో తీగలు ఆనే పట్టీ) అరగదీసి ఇచ్చాక, అదే గిటార్ మీద ఎఫ్ కార్డ్ వారంలో వచ్చింది. ఆ ఎనిమిది నెలలు తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఈ ఒక్క విషయాన్ని ఇంత వివరంగా చెబుతున్నది అందుకే.

ముందు గిటార్‌ను శృతి చేయండి. శృతి తగ్గి ఉంటే తీగలు వదులుగా ఉండి కొలతలు మారిపోతాయి. 12వ ఫ్రెట్ మీద స్కేలు నిలబెట్టి, ఫ్రెట్ పైభాగం నుంచి తీగ అడుగు వరకు కొలవండి. లావు ఇ తీగకు 2.5, సన్న ఇ తీగకు 2 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే చాలా బాగున్నట్టు. 3 దాటితే కొత్తవాళ్ల వేళ్లు తట్టుకోలేవు.

ఎత్తుకు కారణం మూడు చోట్ల ఉండొచ్చు. మొదటిది నట్, అంటే తల దగ్గర తీగలు కూర్చునే తెల్లని పట్టీ. ఒక తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి, ఒకటో ఫ్రెట్ మీద ఎంత సందు ఉందో చూడండి. వెంట్రుకంత ఉంటే చాలు. కంటికి స్పష్టంగా కనిపించేంత ఉంటే నట్ గాడి లోతు సరిపోలేదన్నమాట. మొదటి మూడు ఫ్రెట్లలోనే వేళ్లు నొప్పి పెడుతుంటే చాలాసార్లు కారణం ఇదే. సన్న ఆకురాయితో గాడి లోతు చేస్తే పోతుంది.

రెండోది నెక్, అంటే గిటార్ మెడ వంపు. ఒకటో ఫ్రెట్‌కు కాపో పెట్టి, లావు తీగను 14వ ఫ్రెట్ దగ్గర నొక్కి, మధ్యలో ఏడో ఫ్రెట్ దగ్గర చూడండి. అక్కడ కాస్త సందు ఉండాలి, కానీ విజిటింగ్ కార్డు సులువుగా దూరేంత అక్కర్లేదు. ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ను (నెక్ లోపల వంపును సరిచేసే లోహపు కడ్డీని) అల్లెన్ కీతో కొద్దిగా బిగించాలి. అది షాపువాళ్లనే చేయమనండి. పావు చుట్టు తిప్పినా తేడా తెలుస్తుంది, బలం చూపిస్తే రాడ్ పాడవుతుంది.

మూడోది శాడిల్. నట్, నెక్ రెండూ సరిగ్గా ఉండి ఎత్తు తగ్గకపోతే అప్పుడు శాడిల్ అడుగును అరగదీయాలి. 12వ ఫ్రెట్ దగ్గర 1 మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ నుంచి 2 తీయాలి. ఇక్కడే అసలు పరీక్ష ఉంది. బ్రిడ్జ్ పైన శాడిల్ 3, 4 మిల్లీమీటర్లు కనిపిస్తుంటే తీయడానికి చోటుంది. అది ఇప్పటికే బ్రిడ్జ్‌తో సమానంగా అణిగిపోయి ఉండి, తీగలు ఇంకా ఎత్తుగానే ఉంటే నెక్ బాడీకి అతికిన కోణమే తప్పు. కొత్త గిటార్‌లో అది కనిపిస్తే చర్చ అనవసరం, గోడకు తగిలించేయండి.

ఎత్తు సరిగ్గానే ఉన్నా నొప్పిగా ఉందంటే తీగల సైజు అడగండి. 12 సెట్ (అన్నిటికంటే సన్న తీగ మందం అంగుళంలో వెయ్యిలో 12 వంతులు) కంటే 10 లేదా 11 సెట్ వేళ్లకు మెత్తగా ఉంటుంది, మోత మాత్రం కొంచెం తగ్గుతుంది.

తీగ జర్‌మంటోంది

తంబూరాలో దారప్పోగు పెట్టి కావాలని ఆ జుమ్మును తెప్పిస్తాం. గిటార్‌లో మాత్రం అది ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోవాలి. ఏమీ నొక్కకుండా మీటినప్పుడే వస్తే నట్ గాడి మరీ లోతైపోయింది. మొదటి నాలుగైదు ఫ్రెట్లలో వస్తే నెక్ మరీ నిటారుగా ఉంది, ట్రస్ రాడ్ కొంచెం వదులు చేయాలి. బాడీ వైపు వెళ్లేకొద్దీ ఎక్కువైతే శాడిల్ తక్కువైంది. ఒకే ఒక్క చోట వస్తే దాని తర్వాతి ఫ్రెట్ లేచి ఉంది. ఇవన్నీ బాగు చేయగలిగేవే. కానీ ఫ్రెట్ సమం చేయడం అందరూ చేయలేరు కాబట్టి అదే మోడల్‌లో వేరే పీస్ అడగడం మేలు.

తీగకు సంబంధం లేకుండా ఒక స్వరానికి మాత్రమే ఏదో గిలగిలలాడితే చెవి బాడీకి ఆనించి వినండి. తల దగ్గర తీగలు బిగించే చెవుల మర నట్టు వదులై ఉంటుంది, సెమీ అకూస్టిక్ (స్పీకరుకు కలపగలిగేది) అయితే లోపల వైరు చెక్కకు తగులుతుంటుంది.

ఒకటి గణగణ మోగుతోంది, ఇంకోటి మొద్దుగా ఉంది

వెంటనే మొదటిదే మంచిదనుకోకండి. కొత్త తీగలు ఎప్పుడూ మెరుస్తూ మోగుతాయి. పాతబడ్డ తీగలు మంచి గిటార్‌ను కూడా మూగదాన్ని చేస్తాయి. తీగ అడుగున గోరుతో గీరితే తుప్పు గరుకు తగులుతుంది. చివరికి రెండు గిటార్లు మిగిలాక, రెండింటికీ ఒకే రకం కొత్త తీగలు వేయమని అడగండి, సెట్ల డబ్బు మనమే ఇద్దాం. వేల రూపాయల నిర్ణయం ముందు అది పెద్ద ఖర్చు కాదు.

ఇంకో సంగతి. గిటార్ శబ్దం ముందుకు వెళ్తుంది, వాయించేవాళ్లకు అంతా వినిపించదు. తోడు వచ్చినవాళ్ల చేత జి, సి, డి కార్డులు వాయించి, మీరు ఐదారు అడుగుల దూరంలో కళ్లు మూసుకుని నిలబడండి. ధర, బ్రాండ్ కనిపించనప్పుడు చెవి నిజం చెబుతుంది. గట్టిగా మోగేది కాక, కార్డ్‌లో ఆరు తీగలూ విడివిడిగా వినిపించేది వెతకండి.

సాలిడ్ టాప్ అంటున్నారు, నమ్మొచ్చా?

సాలిడ్ టాప్ అంటే పైపలక ఒకే చెక్కతో చేసినది. సౌండ్ హోల్ (బాడీ మధ్యలోని గుండ్రటి రంధ్రం) అంచును సెల్‌ఫోన్ లైటులో చూడండి. పైనున్న చెక్క గీతలు అంచు మందంలోకి అలాగే దిగితే అది ఒకే పలక. పొరలు పొరలుగా కనిపిస్తే లామినేట్. యమహాలో ఎఫ్310 పైపలక లామినేట్, ఎఫ్‌జీ800ది సాలిడ్ స్ప్రూస్ చెక్క. పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్కసారికే తెలిసిపోతుంది. సాలిడ్ టాప్ స్వరం నిండుగా ఉంటుంది, వాయించేకొద్దీ ఇంకా విచ్చుకుంటుంది. కానీ తేమ మార్పులకు త్వరగా లొంగుతుంది. హాస్టల్ గదిలో, బస్సు ప్రయాణాల్లో తిరిగే గిటార్‌కైతే లామినేట్ తక్కువదేమీ కాదు.

పావుగంటకే భుజం లాగేస్తోంది

బాడీ పెద్దదైంది. కింద కూర్చుని కాదు, ఇంట్లో ఎలా కూర్చుంటారో అలాంటి కుర్చీలో కూర్చుని చూడండి. ఎఫ్‌జీ800 బాడీ లోతు 100 నుంచి 118 మిల్లీమీటర్లు, తీగ పొడవు 650. దాని తమ్ముడు ఎఫ్‌ఎస్800 లోతు 90 నుంచి 110, తీగ పొడవు 634. పైపలక రెండింటికీ అదే సాలిడ్ స్ప్రూస్. చిన్న చేతులవాళ్లకు, పదేళ్లు దాటిన పిల్లలకు రెండోదే హాయి.

శృతి నిలవడం లేదు

కొత్త తీగలైతే సాగుతాయి, రెండుమూడు సార్లు మెల్లగా లాగి మళ్లీ శృతి చేస్తే నిలుస్తాయి. తీగ బిగించే చెవి తిప్పుతుంటే టిక్కుమని ఆగి ఒక్కసారిగా దూకితే తీగ నట్ గాడిలో ఇరుక్కుంటోంది, పెన్సిల్ పొడి రాస్తే చాలు.

శృతి నిలిచినా బాడీకి దగ్గరి ఫ్రెట్లలో కార్డ్ అపస్వరంగా ఉంటే 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగను నొక్కకుండా వేలు తేలిగ్గా తాకించి మీటే స్వరం) మీటి, తర్వాత అక్కడే నొక్కి మీటి ట్యూనర్‌లో పోల్చండి. కొత్త తీగలు, సరైన ఎత్తు ఉన్నాక కూడా రెండింటికీ 5 సెంట్ల (ట్యూనర్‌లో కనిపించే స్వరం తేడా కొలత) కంటే ఎక్కువ తేడా వస్తే వద్దు.

అన్నీ కుదిరాయి, బిల్లు వేస్తున్నారు

ఇక్కడ చాలామంది నష్టపోతారు. "ఇది డిస్‌ప్లే పీస్, మీకు సీలు తీయనిది ఇస్తాం" అని గోదాము నుంచి డబ్బా తెస్తారు. ఒకే మోడల్ అయినా రెండు చెక్కలు ఒకలా ఉండవు. మీరు గంటసేపు కొలిచింది గోడ మీది గిటార్‌ను. దానిమీద గీతలు లేకపోతే అదే ఇవ్వమనండి. డబ్బాలోదే కావాలనుకుంటే అక్కడే విప్పించి, శృతి చేసి, ఎత్తు కొలిచి, ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ మీద ఒకసారి మీటి, ఆ తర్వాతే డబ్బు ఇవ్వండి. ఇంటికి తీసుకెళ్లేటప్పుడు ఎండలో నిలిపిన కారులో మాత్రం వదలకండి. ఆ వేడికి జిగురు మెత్తబడి బ్రిడ్జ్ లేచిపోతుంది.