బైపాస్ పడ్డాక పాత హైవేను మళ్లీ ఊరి వీధిగా మార్చుకునే పద్ధతి

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పట్టణాలు చాలావరకు రోడ్డును పట్టుకొని పెరిగినవే. పెద్దవాళ్లు ఇప్పటికీ తొమ్మిదో నంబరు, ఏడో నంబరు అని పిలిచే హైవేలు నేడు 65, 44 నంబర్లతో ఉన్నాయి. జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్, మక్తల్ మీదుగా రాయచూరుకు పోయేది 167. నకిరేకల్ నుంచి నల్లగొండ మీదుగా నాగార్జునసాగర్ వైపు పోయేది 565. ఊళ్లకు అంగళ్లు, హోటళ్లు, మెకానిక్ షెడ్లు తెచ్చిపెట్టినవి ఇలాంటి రోడ్లే. అవే రోడ్లను వెడల్పు చేసి నడుమ డివైడర్ కట్టేసరికి ఊరు రెండు ముక్కలవుతుంది. ఎదురుగా కనిపిస్తున్న కిరాణా కొట్టుకు పోవాలన్నా యూటర్న్ దాకా నడిచి తిరిగి రావలసి వస్తుంది, లేదా చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని డివైడర్ దాటవలసి వస్తుంది.

బైపాస్ వస్తే ఈ బాధ తనంతట తానే తీరుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి బైపాస్ తెరిచిన రోజున తగ్గేది లారీలే. రోడ్డు స్వభావం అలాగే ఉంటుంది. ఖాళీ అయిన వరుసల మీద కార్లు, బైకులు మునుపటికంటే వేగంగా పోతాయి కనుక దాటడం కొన్నిచోట్ల ఇంకా కష్టమవుతుంది. మార్పుకు అనువైన కాలం బైపాస్ పనులు మొదలైనప్పటి నుంచి పాత రోడ్డు అప్పగింత ముగిసేదాకానే. ఆ లోపల ఊరి చేతిలో ఒక నక్షా, దాని మీద కౌన్సిల్ తీర్మానం సిద్ధంగా లేకపోతే, వచ్చిన డబ్బు అలవాటు ప్రకారం మరో పొర తారుకూ, మరింత ఎత్తు డివైడర్‌కూ పోతుంది.

రోడ్డు ఎవరిదో ముందు తేల్చుకోవాలి

కౌన్సిలర్ దగ్గరికో ఎమ్మెల్యే దగ్గరికో పోయే ముందు, ఆ ముక్క ఎవరి ఆధీనంలో ఉందో కాగితం మీద తెలుసుకోవాలి. జాతీయ రహదారుల చట్టం, 1956లోని రెండో సెక్షన్, మూడో ఉపసెక్షన్ ప్రకారం ఒక రోడ్డును జాతీయ రహదారుల జాబితా నుంచి తొలగించే అధికారం కేంద్ర ప్రభుత్వానిది. ఆ నోటిఫికేషన్ వెలువడిన తర్వాతే అది జాతీయ రహదారి కాకుండా పోతుంది. అంతకుముందు మున్సిపాలిటీ ఎంత మంచి నక్షా గీసినా డివైడర్ రాయి ఒక్కటి కూడా కదిలించలేదు. తొలగించిన రోడ్డు సాధారణంగా రాష్ట్ర రోడ్లు భవనాల శాఖకు వస్తుంది, అక్కడి నుంచి మున్సిపాలిటీకో కార్పొరేషన్‌కో మారాలంటే మరో ఉత్తర్వు కావాలి. అప్పగించే ముందు పాత ముక్కను ఒకసారి బాగుచేసి ఇచ్చే పద్ధతి కూడా ఉంది. ఆఫీసుల్లో దాన్ని ‘వన్ టైమ్ ఇంప్రూవ్‌మెంట్’ అంటారు. ఊరికి దొరికే అతిపెద్ద మొత్తం చాలాసార్లు అదే కాబట్టి, ఆ అంచనా ఎప్పుడు తయారవుతుంది, అందులో ఏయే పనులు రాశారు అన్నవి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి అడగాలి. 30 రోజుల్లో జవాబు రావాలి. ఆర్ అండ్ బి కార్యాలయానికీ, ఆ శాఖలోని జాతీయ రహదారుల విభాగానికీ విడివిడిగా పెట్టడం మంచిది, ఎందుకంటే ఒకరిని అడిగితే రెండోవారి దగ్గర ఫైలు ఉందనడం మామూలే.

హోదా మార్పు ఏళ్లు పడుతుందని ఎవరైనా నిరుత్సాహపరిస్తే ఒక సంగతి గుర్తుచేయవచ్చు. హైవేలకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మరాదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు, మద్యం దుకాణాలు పోకుండా, ఊళ్ల లోపలి రాష్ట్ర రహదారుల హోదాను కొన్ని రాష్ట్రాలు నెలల వ్యవధిలోనే మార్చేశాయి. బడి పిల్లలు రోడ్డు దాటడానికి మాత్రం అంత వేగం ఎందుకు పనికిరాదో అడగడంలో తప్పులేదు.

లెక్క ఊరే తీయాలి

బైపాస్ లేని చోట ఈ పద్ధతి పనికిరాదు. హైదరాబాద్–విజయవాడ వాహనాలు నేరుగా ఊరి నడుమ నుంచే పోతున్నప్పుడు రోడ్డును కుదించడం కాదు, అండర్‌పాస్‌లూ ఫ్లైఓవర్లూ దాని మందు. అది వేరే చర్చ. బైపాస్ ఉన్నచోట తేల్చవలసిన ప్రశ్న, పాత రోడ్డు మీద ఇంకా తిరిగే వాహనాల్లో ఊరివి ఎన్ని, ఊరిని దాటిపోయేవి ఎన్ని అన్నది. మన రోడ్ల ప్రమాణాల సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పద్ధతిలో వాహన గణన అంటే వరుసగా 7 రోజులు, రోజుకు 24 గంటలు. కాలేజీ పిల్లలతో కలిసి చేసే లెక్కకు అంత ఓపిక లేకపోయినా, ఒక సంత రోజూ ఒక మామూలు రోజూ తప్పక ఉండేలా చూసుకోవాలి. ఊరి రెండు చివర్లా ఇద్దరిద్దరు కూర్చొని నంబరు ప్లేటులోని చివరి నాలుగు అంకెలు, సమయం రాసుకుంటే, ఊరు దాటడానికి పట్టే సమయం లోపలే రెండు చోట్లా కనిపించిన బండ్లు దాటిపోయేవని తేలుతుంది. ఫోనుతో వీడియో తీసి తర్వాత రాసుకుంటే పొరపాట్లు తగ్గుతాయి.

కాలం కూడా చూసుకోవాలి. మిర్యాలగూడ రైస్ మిల్లులకు వడ్లు పోయే వానాకాలం, యాసంగి కోతల రోజుల్లోనూ, పత్తి జిన్నింగ్ మిల్లులకు చేరే నెలల్లోనూ లెక్క వేరుగా ఉంటుంది. వేసవి సెలవుల్లో లెక్క తీసి మార్పు సాధ్యమని చూపితే, కోతల కాలంలో ట్రాక్టర్ల వరుస ఆ వాదాన్ని ఒక్క పూటలో కూల్చేస్తుంది.

ఇంకో లెక్క ఉంది, అధికారులు దాదాపు ఎన్నడూ తీయనిది: రోడ్డును అడ్డంగా దాటే మనుషుల లెక్క. ఎక్కడ దాటుతున్నారు, ఎంతమంది ముసలివాళ్లు, ఎంతమంది పిల్లలు, డివైడర్ ఎక్కడ విరిగింది, జాలీ ఎక్కడ వంచారు. జనం డివైడర్ విరగ్గొట్టిన ప్రతిచోటా నిజానికి ఒక దారి ఉండవలసింది. ఆ చోట్లను నక్షాలో ఎర్ర చుక్కలతో గుర్తిస్తే క్రాసింగులు ఎక్కడ పెట్టాలో సగం తేలిపోయినట్టే.

వాహనాలన్నీ ఎక్కడికి పోతాయన్న ప్రశ్న ప్రతి సమావేశంలోనూ వస్తుంది. దానికి జవాబు బయటి ఊళ్ల అనుభవంలో ఉంది. అమెరికాలోని పోర్ట్‌లండ్ 1974లో నది ఒడ్డు హైవేను మూసి అక్కడ పార్కు వేసుకుంది. 1989 భూకంపంలో దెబ్బతిన్న ఎంబార్కడెరో ఎత్తు రోడ్డును శాన్‌ఫ్రాన్సిస్కో 1991లో కూల్చేసి, ఆ స్థానంలో చెట్లూ ట్రాములూ ఉన్న వీధిని కట్టింది. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో రోజుకు లక్షన్నరకు పైగా వాహనాలు నడిచిన ఎత్తు హైవేను 2003లో తొలగించడం మొదలుపెట్టి, దాని కింద పూడిపోయిన చోంగ్యేచోన్ వాగును 2005 నాటికి దాదాపు 6 కిలోమీటర్ల పొడవున తిరిగి పారించారు. వివిధ దేశాల్లో రోడ్డు స్థలం తగ్గించిన 70 సందర్భాలను పరిశీలించి 2002లో ప్రచురించిన బ్రిటిష్ అధ్యయనంలో, ఆ రోడ్డునూ చుట్టుపక్కల రోడ్లనూ కలిపి చూసినా సగం చోట్ల సుమారు 11 శాతానికి మించి వాహనాలు తగ్గాయని తేలింది. జనం వేళలు మార్చుకుంటారు, కొన్ని ప్రయాణాలు మానుకుంటారు, దగ్గరి పనికి నడుస్తారు. అయితే సియోల్‌లో మెట్రో, బస్సులు బలంగా ఉన్నాయన్నది దాచకూడదు. మనకు ఉన్నవి ఆర్టీసీ బస్సులూ ఆటోలూ. వాటికి నిలిచే చోటు లేకుండా గీసిన నక్షా మొదటి వారంలోనే విఫలమవుతుంది.

నక్షా గీయడం

ఉదాహరణకు రోడ్డు వెడల్పు 100 అడుగులనుకుందాం. నడుమ 24 అడుగులు రాకపోకలకు. డివైడర్ లేకుండా, అటొక వరుస ఇటొక వరుస. రెండు పక్కలా 10 అడుగుల పట్టీ: చెట్లు, ఆటో అడ్డా, బస్టాపు, సరుకు దించే చోటు, తోపుడు బండ్లు అన్నీ ఇందులోనే. దాని పక్కన 14 అడుగులు మడిగెల ముందు నెమ్మదిగా తిరిగే బైకులకూ సైకిళ్లకూ. మిగిలిన 14 అడుగులు ఫుట్‌పాత్, దాని కింద మోరీ. మొత్తం సరిపోతుంది. రోడ్డు 60 అడుగులే అయితే మధ్య 22, ఇరువైపులా 8 అడుగుల పట్టీ, 11 అడుగుల ఫుట్‌పాత్ చాలు. నెమ్మది దారి వదులుకోవాలి. పాదచారుల వసతులపై ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం అడ్డంకులేమీ లేని నడక వెడల్పు కనీసం 1.8 మీటర్లు, అంటే సుమారు 6 అడుగులు ఉండాలి. ఫుట్‌పాత్ అంచు ఎత్తు 15 సెంటీమీటర్లకు మించకూడదు. మన పట్టణాల్లో మోరీ మీద అడుగున్నర ఎత్తున బండలు పరిచి దానికి ఫుట్‌పాత్ అని పేరు పెడతారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దాన్ని ఎక్కలేక రోడ్డు మీదే నడిస్తే, ఫుట్‌పాత్ కట్టినా వాడరని నింద వాళ్ల మీదే పడుతుంది.

క్రాసింగులు ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి కట్టాలి, అప్పుడు మనిషి దిగడు, బండే ఎక్కి దిగుతుంది. మామూలు స్పీడ్ బ్రేకర్ అయితే 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తుతో గుండ్రంగా ఉండాలన్నది ప్రమాణం. రాత్రికి రాత్రి తారుతో పోసే ఇరుకు గుట్టలు బైకు మీద వెనక కూర్చున్న గర్భిణులకూ వృద్ధులకూ ప్రమాదకరం.

అన్నిటికంటే ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది రోడ్డు మట్టం. హైవేగా ఉన్నన్నాళ్లూ పాత తారును తీయకుండా దాని మీదే కొత్త పొరలు వేస్తూ పోయినందువల్ల, ఒకప్పుడు రెండు మెట్లు ఎక్కి పోయే మడిగెలు ఇప్పుడు రోడ్డుకంటే పల్లంలో ఉన్నాయి. వాన పడితే నీళ్లు షటర్ కింద నుంచి లోపలికి వస్తాయి, యజమాని గడపకు సిమెంటు కట్ట పోస్తాడు, ఆ నీళ్లు పక్క మడిగెలోకి పోతాయి. అందుచేత కొత్త వీధి పనిలో మొదటి అంశంగా పాత తారును చెక్కి తీయడం రాయించాలి. ప్రతి 20 మీటర్లకు ఒకచోట రోడ్డు మధ్య, అంచు, మడిగె గడప, మోరీ అడుగు మట్టాలు కొలిచి పట్టికగా అంచనాకు జతచేయాలి. గడపకంటే రోడ్డు, రోడ్డు కంటే మోరీ అడుగు పల్లంలో ఉండాలి. మోరీ చివర ఏ చెరువులోకో వాగులోకో నిజంగా కలుస్తున్నదో లేదో చివరిదాకా నడిచి చూడాలి. ఎన్నో మోరీలు ఎవరి ఇంటి ప్రహరీ దగ్గరో ముగిసిపోతాయి. మిషన్ భగీరథ పైపులు, కేబుళ్లు, డ్రైనేజీ ఏ లోతున ఉన్నాయో తెలుసుకొని, మార్చవలసినవి ముందే మార్చి, తర్వాతే పైపొర వేయాలి. లేకపోతే కొత్త రోడ్డును మూడో నెలలో తవ్వుతారు.

బండ్లవాళ్లు, మడిగెలవాళ్లు

వీధి వ్యాపారుల చట్టం, 2014 ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వ్యాపారుల నుంచే ఎన్నికవ్వాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు ఉండాలి. నక్షా గీయకముందే ఆ కమిటీతో సర్వే చేయించి, మిర్చి బండి, పండ్ల బుట్ట, చెప్పులు కుట్టే చోటు అన్నిటినీ 10 అడుగుల పట్టీలో గుర్తించాలి. సియోల్‌లో వాగు కోసం లేపిన వీధి వ్యాపారులను ఒక పాత స్టేడియానికి తరలించారు. కొన్నేళ్లకు ఆ స్టేడియాన్నీ కూల్చడంతో వాళ్లు మళ్లీ కదలవలసి వచ్చింది. పొద్దున్నే కూలీల అడ్డా నిలిచే మూలకు కూడా నీడ, మంచినీళ్లు, కూర్చునే గట్టు చూపాలి. అది ఎవరి పట్టికలోనూ ఉండదు కనుక అడగకపోతే రాదు.

మడిగెల యజమానుల భయం వేరు. రోడ్డు వెడల్పు పేరుతో ఒకసారి ఎర్ర గీతలు పడి ముందు గదులు పోయినవాళ్లకు మళ్లీ కొలతల టేపు కనిపిస్తే గుండె గుభేలుమంటుంది. ఉన్న హద్దుల లోపలే పని జరుగుతుందని, ఒక్క అంగుళం కూడా తీసుకోబోమని తీర్మానంలోనే రాయించడం అవసరం. హైవే కోసం సేకరించిన స్థలం కొంత మిగిలితే అది ప్రజల పేరనే ఉండాలి. షాపింగ్ కాంప్లెక్సుకు వేలం వేయాలన్న ఆలోచన తప్పక వస్తుంది, దానికి ముందే అడ్డుపడాలి.

పని మొదలుపెట్టే ముందు

సిమెంటు పోయకముందు 3, 4 వారాలు సున్నపు గీతలు, ఇసుక బస్తాలు, ప్లాస్టిక్ డ్రమ్ములతో అదే నక్షాను రోడ్డు మీద పెట్టి చూడాలి. దీనికి ట్రాఫిక్ పోలీసుల అనుమతి, కలెక్టరేట్‌కు సమాచారం ఉండాలి. ఆర్టీసీ బస్సు మలుపు తిరుగుతున్నదా, 108 ఆగకుండా పోతున్నదా, వినాయక నిమజ్జనం లారీ, పీర్ల ఊరేగింపు, బోనాల గుంపు పడుతున్నాయా అన్నవి ఈ రోజుల్లోనే తేలతాయి. ఫిర్యాదులన్నీ రాసిపెట్టుకొని నక్షాను సరిచేయాలి. సరిచేయడాన్ని ఓటమిగా భావించనక్కరలేదు.

పని వానాకాలం ముగిశాక మొదలుపెట్టి, 200 మీటర్ల చొప్పున, ఒక పక్క తర్వాత ఒక పక్క చేయాలి. దసరా, దీపావళి గిరాకీ వారాల్లో మడిగెల ముందు తవ్వితే ఆ వీధి జనమంతా ప్రాజెక్టుకు శత్రువులవుతారు. చెట్లకు తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 బడ్జెట్‌లో 10 శాతాన్ని పచ్చదనానికి కేటాయించమంటున్నది కాబట్టి వేరే నిధి వెతకనవసరం లేదు. మన ఎండకు తట్టుకునేవి వేప, కానుగ; కోనోకార్పస్ వేగంగా పెరుగుతుంది గాని పైపుల్లోకి వేళ్లు దూర్చుతుంది. మొక్క చుట్టూ సిమెంటు పోయకుండా నాలుగడుగుల చదరం మట్టి వదలాలి.

పని ముగిశాక మొదటి పెద్ద వానకు మోరీ వెంట నడిచి, నీళ్లు నిలిచిన ప్రతి చోటునూ తేదీతో ఫోటో తీయాలి. లోపాలను కాంట్రాక్టరే సరిచేయవలసిన బాధ్యతా కాలం ఇంకా నడుస్తుండగానే వాటిని లిఖితపూర్వకంగా ఇంజనీరుకు ఇచ్చి, రసీదు తీసుకోవాలి. మొదట తీసిన లెక్కను, అవే చోట్ల, అదే సంత రోజున, దాటే మనుషులతో సహా, ఏడాది తర్వాత మళ్లీ తీయాలి.