పాట మంచిగా వస్తుంది, మాట మాత్రం అవతలికి పోదు

మిర్యాలగూడలో మిల్లులకు వడ్లు దిగడం మొదలైందంటే నా షాపుకు నెక్‌బ్యాండ్లు, అంటే మెడలో వేసుకునే బ్లూటూత్ హెడ్‌సెట్లు, రిపేరుకు రావడం కూడా మొదలవుతుంది. అందరిదీ ఒకటే ఫిర్యాదు: "అన్నా, పాటలు మంచిగనే వస్తున్నయి, ఫోన్ మాట్లాడితే ఎవ్వలకు ఇనవడ్తలేదు." పాట వస్తోంది కాబట్టి హెడ్‌సెట్ బాగానే ఉందని వాళ్ల లెక్క. పాటకు స్పీకర్ ఉంటే చాలు. మాట అవతలికి పోవాలంటే మైకు పనిచేయాలి.

ముందు ఒక్క పని చేయండి. బ్లూటూత్ ఆపి, అదే చోట నిలబడి, అదే మనిషికి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడండి. అప్పుడూ వినపడకపోతే తప్పు సిగ్నల్‌దో ఫోన్‌దో. హెడ్‌సెట్ జోలికి పోవద్దు. అర నిమిషం పట్టదు, అయినా ఇది చూసుకుని వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

కాల్ ఎత్తగానే మాట ఫోన్‌లోంచే వస్తోందా? బ్లూటూత్ సెట్టింగ్స్‌లో హెడ్‌సెట్ పేరు పక్కనున్న గుర్తు నొక్కండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పాటలకు ఒక బటన్, కాల్స్‌కు ఒక బటన్ విడిగా ఉంటాయి. కాల్స్‌ది ఆఫ్‌లో ఉంటే ఆన్ చేయండి.

మాట ముక్కలు ముక్కలుగా తెగుతోందా? ఫోన్ వెనక జేబులో ఉందేమో చూడండి. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద, ఆ సిగ్నల్‌ను మన ఒంట్లోని నీళ్లు మింగేస్తాయి. ఫోన్‌ను చొక్కా జేబులోకి మార్చి మళ్లీ మాట్లాడి చూడండి.

ఇక అసలుది. "బావిలోంచి మాట్లాడుతున్నట్టుంది" అని అవతలివాళ్లు అంటారు. పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నానికి మూగబోతుంది. దీంతో నేనే దెబ్బతిన్నాను.

ఒక మిల్లు గుమాస్తా, రోజంతా లారీలవాళ్లతో ఫోన్‌లోనే ఉంటాడు. ఆయన నెక్‌బ్యాండ్ తెస్తే రీసెట్ చేశాను, ఫోన్‌కు మళ్లీ జత చేశాను. ఫోన్‌లో రికార్డర్ పెట్టి మాట్లాడి చూస్తే గొంతు గంటలా ఉంది. "అంతా బాగుంది, పో అన్నా" అని పంపించాను. సాయంత్రానికి మళ్లీ వచ్చాడు. సరే, మంచి గిరాకీ కదా అని కొత్త పీసు ఇచ్చాను. నెల తిరగకముందే అదీ అంతే. కంపెనీని నాలుగు తిట్టి, భూతద్దం కింద పెట్టి చూశాను. కుడివైపు బటన్ల పక్కన, గుండుసూది తలంత మైకు రంధ్రం ఉండాలి. అక్కడ రంధ్రం లేదు. లేత పసుపు బిళ్ల ఒకటి ఉంది. తవుడు! మెడ చెమటకు తడిసి, ఆరి, గంజి పెట్టిన గుడ్డలా బిగుసుకుంది.

మరి రికార్డర్‌లో గొంతు అంత బాగా ఎలా వచ్చింది? బ్లూటూత్ కలిసి ఉన్నా చాలా ఫోన్లలో రికార్డర్ తీసుకునేది ఫోన్ సొంత మైకునే. నేను పరీక్ష చేసింది ఆయన ఫోన్‌ను! అప్పట్నుంచి కాల్ కలపకుండా ఏ హెడ్‌సెట్‌నూ పరీక్షించను. కాల్ కలిపి, ఫోన్‌ను దూరంగా బల్ల మీద పెట్టి, మైకు రంధ్రం పక్కన గోటితో టక్ టక్ కొట్టండి. అవతలివాళ్లకు చప్పుడు గట్టిగా వినపడితే మైకు దారి తెరిచే ఉంది. దూరంగా, మెత్తగా వినపడితే మూసుకుంది. కొన్ని ఇయర్‌బడ్స్‌లో ఒక్కో దానికి రెండు, అంతకంటే ఎక్కువ మైకులుంటాయి. వాటిలో ఒకటి మూసుకుపోయినా, బయటి మోతను తగ్గించే ఏర్పాటు లెక్క తప్పి మీ గొంతునే కోసేయవచ్చు.

శుభ్రం చేసేటప్పుడు పిన్నుతో మాత్రం పొడవకండి. లోపల సన్నని జాలీ, దాని వెనకే మైకు. అలా పొడిచి ఒకదాన్ని నేనే చంపాను. బ్లోయర్ గాలి కూడా వద్దు. హెడ్‌సెట్ ఆఫ్ చేసి, రంధ్రం కిందికి ఉండేట్టు పట్టుకుని, మెత్తటి పొడి టూత్‌బ్రష్‌తో నెమ్మదిగా తుడవండి. తర్వాత సెల్లోటేప్ ముక్క అతికించి లాగండి, రెండు మూడుసార్లు. ఇంకా ఊడకపోతే బ్రష్ కొసకు ఒక చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (తొందరగా ఆరిపోయే, తుడవడానికి వాడే ద్రవం) తగిలించి తుడిచి, గంటసేపు ఆరనివ్వండి. నీళ్లు పోస్తే తవుడు మళ్లీ పేస్ట్ అవుతుంది. ఇన్ని చేసినా టక్ టక్ వినపడకపోతే మైకు పోయినట్టే. చవక నెక్‌బ్యాండ్‌కు మైకు మార్పించడం దండగ.

కొత్తది కొనేటట్టయితే డబ్బా మీద ఐపీఎక్స్4 అని చూసి దుమ్ముకు తట్టుకుంటుందని అనుకోకండి. 4 అంటే నీటి తుంపర్లకు ఫర్వాలేదని. ఎక్స్ ఉన్నది దుమ్ము అంకె ఉండాల్సిన చోటు, అంటే ఆ పరీక్ష ఫలితం అక్కడ చెప్పలేదు. మిల్లులో తిరిగేవాళ్లు ఐపీ54 లాగా రెండు అంకెలూ ఉన్నది తీసుకోండి. దానికైనా రంధ్రం మీద తవుడు పేరుకోకుండా ఉండదు, బ్రష్ తప్పదు. షాపులో పాట పెట్టి చూడటం మానండి, రోడ్డు మీదికొచ్చి ఇంటికి ఫోన్ చేయండి. రోజంతా మాటలే పనైతే నోటి దగ్గరిదాకా మైకు కాడ వచ్చే ఒంటిచెవి హెడ్‌సెట్‌కు మించింది లేదు. చూడటానికి బాగుండదని కుర్రాళ్లు తీసుకోరు, అది వేరే సంగతి.

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, రెండు ఫోన్లకు ఒకేసారి కలవడం లాంటివి ఎప్పుడో ఒకసారి వస్తాయి. అన్నీ చూశాక అటు పోవచ్చు. కాల్‌లో శబ్దం పాటంత నిండుగా లేదని కూడా కొందరు తెస్తారు. కాల్ రాగానే బ్లూటూత్ వేరే పద్ధతికి మారుతుంది, అది రిపేరు కాదు.

ఆ గుమాస్తా ఇప్పుడు కాడ ఉన్నదే వాడుతున్నాడు. మొన్న మిల్లుకు పోతే కాంటా చీటీల డబ్బాలో ఒక పాత టూత్‌బ్రష్ కనిపించింది.