ఇంగ్లీషులో నడకల గురించి రాసేటప్పుడు ఒక చిట్కా

ఇంగ్లీషులో కథో, వ్యాసమో రాసే పిల్లలు ప్రతిచోటా 'వాక్' అనే రాసి దాని పక్కన స్లోలీ, క్విక్లీ తగిలిస్తుంటారు. అది తప్పు కాదు కానీ వాక్యం చప్పగా ఉంటుంది. మనం 'కుంటుకుంటూ గదిలోకి వచ్చాడు' అంటాం, అంటే నడక తీరు ముందు, 'వచ్చాడు' చివర. ఇంగ్లీషులో మామూలుగా ఆ తీరే అసలు క్రియ అయిపోతుంది, ఎటు అన్నది ఇన్‌టు, అవుట్, అక్రాస్ లాంటి చిన్న మాట చెప్తుంది: 'హి లింప్డ్ ఇన్‌టు ద రూమ్'. తూలుతూ బయటికి వెళ్తే 'స్టాగర్డ్ అవుట్', అంతే. ఈ పద్ధతి పట్టుబడితే సగం పని అయినట్టే.

తీరిగ్గా షికారు చేస్తే స్ట్రోల్, పెద్ద పెద్ద అంగలు వేస్తే స్ట్రైడ్, చప్పుడు కాకుండా మునివేళ్ల మీద నడిస్తే టిప్‌టో. అలసిపోయి కాళ్లీడ్చుకుంటూ బురదలోనో ఎండలోనో పోవడాన్ని ట్రడ్జ్ అంటారు, నాకైతే వీటన్నిటిలో ఇదే ఇష్టం, ఒక్క మాటలోనే మనిషి అలసట కనిపిస్తుంది. పిల్లలకు నేర్పేటప్పుడు అర్థం రాయించకండి, ఆ నడక నడిపించండి, బాగా గుర్తుంటుంది.